నన్నారి మందా, దాహమా?

గండికోట ఎండ సంగతి వెళ్లినవాళ్లకే తెలుస్తుంది. మాధవరాయస్వామి గుడి, జామియా మసీదు, ధాన్యాగారం చూసి, పెన్న లోయ అంచుదాకా వెళ్లొచ్చేసరికి నాలుక పిడచకట్టుకుపోయింది. కోట దగ్గర బండి మీద నన్నారి షర్బత్తు కనిపించింది. గ్లాసు అడుగున నల్లటి పాకం, నానిన సబ్జా గింజలు, నిమ్మరసం, పైన సోడా. కొత్తకుండ నీళ్లలో కాస్త వెనిలా కలిసినట్టుండే ఆ వాసనకి నేనెప్పుడూ దాసోహమే! సీమలో ఇంతకన్నా మంచి దాహం లేదంటాను.

"రగతం శుద్ధి అయితాదమ్మా, ఇది మందు" అన్నాడు బండి అతను. అదిగో, అక్కడే నాకు పేచీ.

మా పిన్నికి చక్కెర జబ్బు. కాఫీలో అరచెంచా పంచదార పడితే ఇల్లెగరగొట్టే మనిషి. అలాంటిది ఒక వేసవంతా రోజుకి రెండు గ్లాసులు నన్నారి తాగింది. "ఇది మందేనే" అనేది. తర్వాత రక్తపరీక్ష కాగితం చూసి డాక్టరు ఆవిణ్ణి కాదు, మమ్మల్ని కేకలేశాడు.

అలాగని బండి అతను అబద్ధమాడాడా అంటే, అదీ కాదు. సుగంధిపాల వేరు ఆయుర్వేదంలో శారిబ. 1864లో బ్రిటిష్ ఫార్మకోపియాలో కూడా చోటు సంపాదించుకుంది. వేరు నడిమి ఈనె తీసేసి, బెరడు దంచి, నానబెట్టి కాస్తే కషాయం. ఆ కషాయం పంచదార పాకంలో మునిగితే షర్బత్తు. పైగా చాలాచోట్ల ఆ వేరూ ఉండదు, అదే వాసన ఉన్న మారేడు కొమ్ములు వాడతారు. ఇక మిగిలిన మందెంత, మీరే చెప్పండి!

కోకాకోలా కూడా ఇలా పుట్టిందే. 1886లో అట్లాంటాలో పెంబర్టన్ అనే మందుల తయారీదారు తలనొప్పికీ, నరాల నీరసానికీ టానిక్కని మందుల షాపులో అమ్మించాడు. 1898లో అమెరికాలో మందుల మీద యుద్ధపన్ను పడేసరికి, "మాది మందు కాదు, పానీయం" అని ఆ కంపెనీ కోర్టుకెక్కింది. డబ్బుకోసమే అనుకోండి, మందు చొక్కా మాత్రం విప్పేసింది. మన నన్నారి ఇంకా తొడుక్కునే తిరుగుతోంది.

రెండో గ్లాసు పాకం సగమే పొయ్యమన్నాను.

"సగం పాకానికి రుచేముంటాదమ్మా?" అన్నాడు.

నిజమే, రుచి తగ్గింది. వాసన మాత్రం అలాగే ఉంది.