తెలుగు వాచకంలో మొదటి మాట

దేశం వెళ్ళి వచ్చేటప్పుడు మనవాళ్ళు పిల్లల కోసం తప్పక తెచ్చే పుస్తకం బొమ్మల వాచకం. అ-అమ్మ, ఆ-ఆవు, ఇ-ఇల్లు. మేమూ దానితోనే అక్షరాలు దిద్దాం. మా పిల్లల ముందూ దాన్నే పెట్టాం. రెండేళ్ళయింది. పిల్లలు 56 అక్షరాలూ గుక్కతిప్పుకోకుండా ఒప్పజెబుతున్నారు. అమ్మమ్మ రాసిన రెండు ముక్కలు మాత్రం చదవలేరు. లోపం పిల్లలదే అనుకున్నాం. వాచకం మళ్ళీ తిరగేశాక అలా అనిపించడం లేదు.

మొదటి పేజీనే చూడండి. అమ్మలో ఒత్తు ఉంది. ఆవులో కొమ్ము ఉంది. ఇల్లులో రెండూ ఉన్నాయి. గుణింతాలూ ఒత్తులూ నేర్పేది ఎంతో తర్వాత. అంటే పిల్ల ఆ మాటలు చదవడం లేదు, బొమ్మ చూసి చెబుతోంది. ఈగ, ఓడ అలా కావు. ఉన్న రెండక్షరాలూ తెలిస్తే తనంతట తానే చదువుకుంటుంది.

వాచకం కూర్చినవారిని తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. కంఠంలో పుట్టే క నుంచి పెదవుల మీద పలికే మ వరకు మన వర్ణమాల వరస ఎంతో శాస్త్రీయమైనది. పైగా అక్షరం పేరే దాని పలుకు. ఇంగ్లీషులోలాగ పేరొకటి, పలుకొకటి కాదు. ఊళ్ళో పిల్లవాడికి తెలుగు రోజంతా చెవిన పడుతుంది, వీధి బోర్డుల మీద కంటబడుతుంది. అతనికి ఆ వరస చాలు. ఇక్కడి పిల్లకు దొరికేది ఆదివారం ఒక గంట. ఆ గంటా ఙ, ఞ, ఌ దిద్దడంతో సరిపోతే చదివిన సంతోషం ఎప్పుడు దక్కాలి?

అక్షరాల రూపం సంగతీ వాచకం పట్టించుకోలేదు. ప, వ లకు తేడా తలకట్టు అంటుకోవడమే. పక్కపక్కన చూపిస్తే పిల్లలు ఇట్టే పోల్చుకుంటారు. వాచకంలో అవి వేరువేరు పేజీల్లో ఉన్నాయి.

ఈమధ్య మేము వాచకం పక్కనబెట్టి గుణింతం, ఒత్తు లేని మాటలతో మొదలుపెట్టాం: తల, వల, పలక, పడవ, గడప. మా చిన్నది మొదటివారమే కూడబలుక్కుని గడప అని చదివింది. చదివి, "గడప అంటే ఏమిటి?" అని అడిగింది. మా ఇంటికి గడప లేదు. పక్కింటికీ లేదు. చదవడం వచ్చినా మాట తెలియకపోతే లాభం లేదని అప్పుడు అర్థమయింది. మాట తెలియాలంటే ఇంట్లో మేము తెలుగు మాట్లాడాలి. అందులో మేము వెనకబడ్డామని ఒప్పుకోక తప్పదు.

తరగతులు నడిపే సభ్యులు వాచకం వరసను ఒకసారి పరిశీలించగలరు. ఇంటి సంగతి మనం చూసుకుందాం.