ఎక్కడిదాకా వెళ్లొచ్చింది?

రోడ్ బైకు అనే రకం సైకిలుకు స్టాండు ఉండదు. అందుకే దాన్ని గోడకు ఆనించడానికి ఒక పద్ధతి ఏర్పడింది. వెనక చక్రం గోడకు తగలాలి. సీటు అంచో హ్యాండిల్ చివరో రెండో ఆసరాగా ఉండాలి. చైను ఉండే కుడివైపు మాత్రం ఎప్పుడూ మనవైపే ఉండాలి. గేర్లు మార్చే డీరైల్యర్ వెనక చక్రం పక్కన కుడివైపే వేలాడుతుంది. గోడకు నొక్కుకుందంటే దాన్ని పట్టి ఉంచే చిన్న అల్యూమినియం ముక్క వంగిపోతుంది, ఆ తర్వాత ఏ గేరూ సరిగా పడదు. సైకిలు ఫొటో తీసుకునేవాళ్లు కూడా ఇదే పాటిస్తారు, ఇంకో రెండు కలుపుతారు: చైను ముందున్న పెద్ద పళ్లచక్రం మీద ఉండాలి, గాలికొట్టే వాల్వులు రెండూ కిందికి ఉండాలి. వాల్వుల సంగతి వట్టి ముచ్చటే. ముచ్చటకేం, ఉండనివ్వండి.

2023 అక్టోబరులో హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పలకల కప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ తెరిచారు. అప్పటి నుంచి నార్సింగి, గండిపేట వైపు ఆదివారం గుంపులు బాగా పెరిగాయి. తెల్లవారుజామునే బయల్దేరి, ఎండ ముదరకముందే తొక్కడం ముగించి, ఏదో ఒక చాయ్ దుకాణం దగ్గర చేరతారు. హెల్మెట్లు తీసి బల్ల మీద పెట్టాక మొదలవుతుంది అసలు కార్యక్రమం. గోడ వెంట వరసగా నిలబెట్టిన సైకిళ్ల ముందు ఒక్కొక్కరూ వంగి చూస్తారు, వేలితో తట్టి చూస్తారు, "కొత్త చక్రాలా?" అంటారు. అడిగించుకున్నవాళ్ల ముఖం వెలిగిపోతుంది. ఇక పావుగంట ఆ చక్రాల కథే.

దీన్ని డాబు అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. మామూలు సైకిలు బాగుచేయడం మన దగ్గర తరాలుగా నడిచిన విద్య. ఏ ఊళ్లో చూసినా చెట్టు కిందో బడ్డీ కొట్టులోనో పంచరు వేసే మనిషి ఉండేవాడు. అతని పక్కన నీళ్ల తొట్టె, పానా, పంపు, పక్కనే పని నేర్చుకునే కుర్రాడు. రోడ్ బైకుకు మన దగ్గర అలాంటి గురుపరంపర లేదు. ఇరవయ్యేళ్ల కిందటి దాకా హైదరాబాదులో ఈ సైకిళ్లు అరుదు. ఏ టైరు మన రోడ్లకు ఆగుతుందో, వానాకాలం తర్వాత ఏ బేరింగు మూలుగుతుందో చెప్పే పెద్దలు లేరు. తొక్కేవాళ్లే ఒకరి సైకిలు ఒకరు చూసి, ఒకరినొకరు అడిగి నేర్చుకున్నారు. ఇప్పటికీ చాలామందికి ఆ చాయ్ దుకాణం గోడే బడి. చూపించుకోవాలన్న ఉబలాటం లేకపోతే ఆ బడి నడవదు.

దారిన పోయేవాళ్లూ ఆగుతారు. "స్టాండు లేదేంది అన్నా? మడ్‌గార్డులు పెట్టలేదా? గేర్లెన్ని?" అని అడిగి, చివరికి "ఎంత పడ్డది?" దగ్గరికి వస్తారు. మొదటి మూడింటికీ హుషారుగా జవాబు చెప్పినవాళ్లు నాలుగోదానికి నసుగుతారు. ఆ నసుగుడు నాకు అర్థమవుతుంది. ముప్పై, నలభై వేల దగ్గర మొదలయ్యే ఈ సైకిళ్లు నాలుగైదు లక్షలు దాటి కూడా పోతాయి. అంత డబ్బు సైకిలుకు పెట్టారంటే ఇంట్లోవాళ్లే నమ్మరు. అయితే ధర చెప్పడం సైకిలు గురించి చెప్పడం కాదు. అసలు చూడాల్సినవి వేరే ఉన్నాయి.

మొదటిది కొలత. దర్జీ కుట్టిన చొక్కాకు భుజం కుదిరినట్టు సైకిలు మనిషికి కుదరాలి. ముందు సీటు ఎత్తు. గోడకు ఆనుకుని నిలబడి, కాళ్ల మధ్య పుస్తకం పైకి నొక్కిపట్టి, దాని అంచు నుంచి నేల దాకా కొలవాలి. ఆ కొలతను 0.883తో గుణిస్తే పెడళ్ల ఇరుసు నుంచి సీటు పైభాగం దాకా ఉండాల్సిన దూరం వస్తుంది. టూర్ డి ఫ్రాన్స్ మూడుసార్లు గెలిచిన గ్రెగ్ లెమాండ్ ప్రచారంలోకి తెచ్చిన లెక్క ఇది. 80 సెంటీమీటర్ల కాలికి దాదాపు 70.6 సెంటీమీటర్లు. అక్కడ మొదలుపెట్టి మోకాలు చెప్పినట్టు కొద్దిగా అటూ ఇటూ జరుపుకోవాలి. సెంటీమీటరు తేడా ఉంటే 10 కిలోమీటర్లలో తెలియదు, 100 కిలోమీటర్లలో తెలుస్తుంది.

మాతో వచ్చే ఒక బ్యాంకు ఉద్యోగినికి చాలాకాలం రెండు చేతుల చిటికెన వేళ్లు తిమ్మిరెక్కేవి. గ్లవ్స్ మార్చారు, హ్యాండిల్‌కు చుట్టే టేపు మార్చారు, లాభం లేకపోయింది. ఒక ఆదివారం ఆవిడ సైకిలును పక్క నుంచి కాకుండా ఎదురుగా నిలబడి చూసిన ఒకాయన, "మేడమ్, మీ భుజాల కన్నా హ్యాండిల్ వెడల్పుగా ఉంది" అన్నారు. అది 42 సెంటీమీటర్ల హ్యాండిల్. ఆవిడ 38కి మారారు, హ్యాండిల్‌ను ఫ్రేముకు కలిపే స్టెమ్ కూడా పొట్టిది వేసుకున్నారు. ఆ తర్వాతి వారం సైకిలు గోడకు ఆనించి అందరినీ పిలిచి మరీ చూపించారు. కొత్త టేపు చుట్టిన తీరు కూడా చూడదగ్గదే. హ్యాండిల్ చివర నుంచి మొదలుపెట్టి, ప్రతి చుట్టూ ముందు చుట్టును కొంత కప్పుతూ, ఎక్కడా సడలకుండా లాగిపట్టి పైకి తెచ్చారు. బ్రేకు లివరు దగ్గర ఎనిమిది అంకె ఆకారంలో తిప్పి, కింది లోహం గోరంత కూడా కనబడకుండా కప్పారు. కుడివైపు ఒక దిక్కుకు, ఎడమవైపు దానికి ఎదురు దిక్కుకు చుట్టు తిరిగింది. చేతులు రోజూ తిప్పే దిశకే టేపు బిగుస్తుంది కాబట్టి ఊడిరాదు. ఆ పని ఆవిడే చేసుకున్నారు. గర్వపడాల్సిన పనే.

బరువు గురించి మాత్రం మా దగ్గర అవసరానికి మించి మాట్లాడుకుంటారు. అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య పోటీ సైకిలు 6.8 కిలోలకు తగ్గకూడదని 2000 నుంచి నియమం పెట్టింది. దాంతో ఆ అంకె చాలామంది మనసులో గుడికట్టుకుంది. కాస్త లెక్క చూద్దాం. మనిషి, సైకిలు, నీళ్లు అన్నీ కలిపి 80 కిలోలనుకోండి. ఒక కిలో తగ్గిస్తే, వికారాబాద్ దగ్గర అనంతగిరి లాంటి ఎక్కుడు మీద 20 నిమిషాల శ్రమలో మిగిలేది సుమారు 15 సెకన్లు. చదును రోడ్డు మీద అది కూడా ఉండదు, అక్కడ పోరాటమంతా గాలితోనే. నిండు నీళ్ల సీసా ఒక్కటే ముప్పావు కిలో తూగుతుంది. బరువు తగ్గించడం కోసం మే నెలలో ఒకే సీసాతో బయల్దేరినవాళ్లను చూశాను. దయచేసి అలా చేయకండి.

టైర్ల చర్చకు మాత్రం ఎంత సమయమైనా ఇవ్వొచ్చు. 23 మిల్లీమీటర్ల సన్నటి టైరులో రాయిలా గాలి నింపడమే వేగమని ఒకప్పుడు అందరూ నమ్మారు. ఇప్పుడు పోటీల్లో కూడా 28 మిల్లీమీటర్లవీ అంతకన్నా వెడల్పైనవీ ఎక్కువ కనబడుతున్నాయి. గరుకు రోడ్డు మీద గట్టి టైరు ప్రతి గులకరాయికీ ఎగురుతుంది. అలా ఎగిరిన ప్రతిసారీ మనం తొక్కిన శక్తిలో కొంత ముందుకు పోకుండా ఒంట్లోకి వచ్చి కండరాలను కుదిపేస్తుంది. వెడల్పు టైరులో గాలి తక్కువ పెట్టుకోవచ్చు, అది రాయిని మింగేసి దొర్లిపోతుంది. స్పీడ్ బ్రేకర్లు, తవ్వి పూడ్చిన గుంతలు, వంతెన అతుకులు ఉన్న మన రోడ్లకు ఇంతకన్నా మంచి మార్పు రాలేదని నా అభిప్రాయం. కొత్తగా కొనేవాళ్లు గేర్ల కన్నా ముందు చూడాల్సింది, ఆ ఫ్రేములో ఎంత వెడల్పు టైరు పడుతుందన్నదే.

ఇక చైను. రోడ్ బైకుల వాళ్లు మామూలు సైకిల్ షాపు వైపు చూడరు. అక్కడి పనివాడికి ఇవి తెలియవని అనుకుంటారు. మా పేటలో ఒక ముసలి ఉస్తాద్ ఉన్నాడు. హీరో, అట్లాస్ సైకిళ్ల మీదే ఆయన జీవితం గడిచింది. కార్బన్ ఫ్రేము సైకిలొకటి ఆయన ముందు నిలబెడితే ఒక్క పనిముట్టూ తీయలేదు. ముందున్న పళ్లచక్రం మీది చైనును బొటనవేలు, చూపుడువేలితో పట్టి ముందుకు లాగాడు. చైను పైకి లేచి, దాని కింద పన్ను సగం దాకా బయటపడింది. "చైన్ ఖతమైంది సార్" అన్నాడు. సైకిలు యజమాని వెంటనే కొలిచి చూశాడు. ఆయన చెప్పిందే నిజం.

ఆ వేళ్లకు ఎలా తెలిసిందంటే, ఇనప అట్లాస్ చైనులోనూ, 12 గేర్ల ఖరీదైన చైనులోనూ పిన్నుకూ పిన్నుకూ మధ్య దూరం ఒకటే, అర అంగుళం. వెడల్పే మారింది, ఆ దూరం మారలేదు. అందుకే చైను అరుగుదల చూడటానికి బడిపిల్లల స్కేలు చాలు. ఒక పిన్ను మధ్యలో సున్నా పెట్టి చైనును బిగువుగా పట్టుకుంటే, సరిగ్గా 12 అంగుళాల దగ్గర ఇంకో పిన్ను మధ్య రావాలి. అంగుళంలో పదహారో వంతు దాటి పక్కకు జరిగిందంటే చైను మార్చాల్సిందే. మార్చకపోతే అరిగిన చైను వెనక ఉండే పళ్లచక్రాల గుత్తి (క్యాసెట్) పళ్లను కూడా తనలాగే అరగదీస్తుంది, అప్పుడు ఖర్చు చాలా రెట్లవుతుంది. మన దుమ్ముకు చైన్లు తొందరగా అరుగుతాయి. నూనె మీద వాలిన దుమ్ము సానరాయి పొడిలా పనిచేస్తుంది మరి. అందుకే మాలో కొందరు నూనె మానేసి, చైనును శుభ్రంగా కడిగి కరిగించిన పారాఫిన్ మైనంలో ముంచుతున్నారు. ఆరాక మైనం పొడిగా ఉంటుంది, దుమ్ము అంటదు. వాన తగిలితే మళ్లీ ముంచాలి, అదొక్కటే ఇబ్బంది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన సైకిళ్లు బ్రెవే మొదలయ్యే చోట కనబడతాయి. బ్రెవే పందెం కాదు, గడువులోపల పూర్తిచేయాల్సిన దూరప్రయాణం. 200 కిలోమీటర్లకు 13 గంటల 30 నిమిషాలు, 300కు 20 గంటలు, 400కు 27, 600కు 40. గడువులోపల పూర్తిచేసినవాళ్లందరూ సమానమే. ఈ దారి అంతా ఫ్రాన్సులో నాలుగేళ్లకోసారి జరిగే పారిస్-బ్రెస్ట్-పారిస్ వైపు వెళ్తుంది. అది 1891లో పందెంగా మొదలైంది, ఇప్పుడు 1200 కిలోమీటర్లు, 90 గంటలు. 2019లోనూ 2023లోనూ మన దేశం నుంచి వందలాది మంది వెళ్లారు. బ్రెవేకు వచ్చిన సైకిలును చూస్తే దాని యజమాని ఎన్ని రాత్రులు రోడ్డు మీద ఉన్నాడో తెలిసిపోతుంది. సీటు తోలు కూర్చున్న ఎముకల మేరకు నునుపెక్కి ఉంటుంది. టేపు అరచేయి ఆనే చోట నల్లబడి ఉంటుంది. వెలుతురు లేనిచోట కూడా చేతికి అందేలా పంచరు సామాను, చాక్లెట్లు, మందు బిళ్లలు ఏ సంచిలో ఏవి ఉండాలో అలా ఉంటాయి. రెండు లైట్లు, ఒకటి ఆరిపోతే ఇంకొకటి. మెరుపు గీతల జాకెట్టు చుట్టి కట్టి ఉంటుంది. ఆ సైకిలును కొత్తగా మెరిసే సైకిలు పక్కన పెడితే నా కళ్లు బ్రెవే సైకిలునే వెతుక్కుంటాయి.

కొన్ని వారాల కిందట ఒక ఇంజినీరింగ్ విద్యార్థి పాత స్టీలు రోడ్ బైకు తెచ్చాడు. సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. ఫ్రేము మీద రేనాల్డ్స్ 531 స్టిక్కరు సగం చెరిగిపోయి ఉంది. బర్మింగ్‌హామ్‌లో 1935 నుంచి తయారైన గొట్టం అది. అతుకులు పడే చివర్లలో మందంగా, ఒత్తిడి తక్కువుండే మధ్యలో పలచగా ఉంటుంది. ఒకాయన మోకాళ్ల మీద కూర్చుని గోటితో గొట్టం పొడుగునా మీటుతూ పోయారు. చివర్లలో మొద్దుగా పలికిన శబ్దం మధ్యకు వచ్చేసరికి గణగణలాడింది. అందరం వంతులేసుకుని మీటాం. అంతసేపూ ఆ కుర్రాడు మాత్రం వెనక్కి తగ్గి నిలబడ్డాడు. గోడ వెంట ఉన్నవన్నీ కార్బన్, తనదేమో తొమ్మిది గేర్ల సోరా. క్లారిస్, సోరా, టియాగ్రా, 105, అల్టెగ్రా, డ్యూరా-ఏస్ అని గేర్ల కంపెనీ షిమానో కట్టిన మెట్లను మనుషుల హోదాగా తీసుకోవడం మా గుంపుల్లో నన్ను బాధపెట్టే సంగతి. సరిగ్గా సెట్ చేసిన సోరా టక్కున గేరు మారుస్తుంది. పట్టించుకోని డ్యూరా-ఏస్ దారంతా గరగరలాడుతుంది.

టేపు చుట్టుకున్న మేడమే అతన్ని అడిగారు, ఎక్కడిదాకా వెళ్లొచ్చావని.

"అనంతగిరి వెళ్లాను మేడమ్. చివరి ఎక్కుడులో గేరు చాలలేదు, దిగి నడిచాను."

"వెనక పెద్ద పళ్లచక్రం ఎంత?"

"25."

"ముందు చిన్నది?"

"39."

నలుగురం ఒకేసారి అయ్యో అన్నాం. 39కి 25 అంటే పెడల్ ఒక్కో పూర్తి చుట్టుకు మూడు మీటర్లకు పైగా పోవాలి, నిటారు ఎక్కుడులో మోకాళ్లు విరుగుతాయి. "మా ఇంట్లో తొమ్మిది స్పీడ్ 11-32 క్యాసెట్ ఉంది, అరగలేదు, తెస్తాను" అన్నారు ఆవిడ. "డీరైల్యర్ పొట్టి కేజ్ అయితే 32 పట్టదు" అన్నారు ఇంకొకరు. "పట్టకపోతే 28 వేద్దాం, నా దగ్గరుంది" అన్నారు గోటితో మీటిన పెద్దాయన. కుర్రాడు అప్పటికే కింద కూర్చుని, జేబులోంచి స్కేలు తీసి డీరైల్యర్ కేజ్ కొలవడం మొదలుపెట్టాడు.