గదిలో లేనివారి పద్దు

అమెరికాలో 2008లో బ్యాంకులు కూలిన వైనాన్ని వివరించే గ్రంథాలలో ఆండ్రూ రాస్ సోర్కిన్ రచించిన ‘టూ బిగ్ టు ఫెయిల్’ (2009) ప్రసిద్ధమైనది. కూలనివ్వరానంత పెద్దవి అని ఆ పేరుకు అర్థం. గ్రంథకర్త న్యూయార్క్ టైమ్స్ విలేఖరి. రెండు వందల మందికి పైగా వ్యక్తులతో ఐదు వందల గంటలకు మించి మాట్లాడి ఈ కథను కూర్చాడు. ఆ శ్రమ ప్రతి పుటలోనూ కనిపిస్తుంది. లోపం కూడ అక్కడే పుట్టింది.

గదిలో జరిగినదాన్ని చెప్పడంలో అతడు దిట్ట. 2008 అక్టోబరు 13న ఆర్థికమంత్రి హెన్రీ పాల్సన్ తొమ్మిది పెద్ద బ్యాంకుల అధిపతులను పిలిపించాడు. ప్రభుత్వం వారికి మొత్తం 12,500 కోట్ల డాలర్ల మూలధనం ఇవ్వదలచింది. ఒక్కొక్కరి ముందు ఒక్క కాగితం. అందులో బ్యాంకు పేరు, పైకం మొత్తం స్వహస్తంతో రాసి సంతకం చేయాలి, అంతే. వెయ్యి రూపాయల అప్పుకు షావుకారు ఎన్ని ప్రోనోట్లు, ఎందరు సాక్షులు అడుగుతాడో ఎరిగిన పాఠకుడు ఈ ఘట్టం వద్ద కాసేపు ఆగక తప్పదు. ఆ పాల్సన్ మంత్రి కాకమునుపు గోల్డ్‌మన్ శాక్స్ అధిపతి. పిలుపు అందుకొన్న తొమ్మిదింటిలో అదీ ఒకటి.

సెప్టెంబరు 15న లేమన్ బ్రదర్స్ దివాలా తీసింది. మరునాడే ఏఐజీ అనే బీమా సంస్థకు 8,500 కోట్ల డాలర్ల అప్పు మంజూరై, దానిలో 79.9 శాతం వాటా ప్రభుత్వ పరమైంది. ఒకటి మునిగి, మరొకటి ఎందుకు తేలింది? గ్రంథకర్త భయాన్నీ, చట్టపు చిక్కులనూ, చాలని సమయాన్నీ చక్కగా వర్ణిస్తాడు గాని తీర్పు చెప్పడానికి వెనుకాడుతాడు. తనతో గంటల తరబడి మాట్లాడినవారిపై తీర్పు చెప్పడం తేలిక కాదు మరి. ఇల్లు పోగొట్టుకొన్న కుటుంబం ఒక్కటైనా ఇందులో పాత్ర కాలేదు.

ఆ తొమ్మిది బ్యాంకులకిచ్చిన సొమ్ము తరువాత లాభంతో సహా తిరిగి వచ్చిందని సమర్థకులు అంటారు. అది నిజమే. అయితే ఫిఖహ్ పండితులు అడిగే ప్రశ్న వేరు: లాభానికి హక్కు నష్టానికి పూచీపడిన వానిదే కదా! మంచి రోజుల్లో పూచీ ఎవరిది? జనానిదేనని 2008లో తేలింది. అంతకు ముందటి లాభాలలో జనానికి వాటా లేదు. ఇక కష్టంలో ఉన్న బాకీదారుకు గడువివ్వాలన్న ఖుర్ఆన్ ఆదేశం (బఖరా సూరా, 280) అమెరికాలో విచిత్రంగా అమలైంది: గడువు ముందుగా పెద్ద బాకీదార్లకు దొరికింది. ఇళ్ల అప్పులను సడలించే పథకం 2009లో వచ్చింది. 30 నుండి 40 లక్షల కుటుంబాలకు మేలు జరుగునని ప్రకటించారు, ఆ సంఖ్యను అందుకోలేకపోయారు.

ఇంతవరకు చదివి, వడ్డీ వ్యవస్థకు తగిన శాస్తి జరిగిందని చంకలు గుద్దుకొనే ముస్లిం సమీక్షకులు 2009 నవంబరు 25ను మరువరాదు. ఆ రోజున దుబాయ్ వరల్డ్ తన బాకీలకు గడువు కోరింది. దాని అనుబంధ సంస్థ నఖీల్ డిసెంబరు 14న సుమారు 350 కోట్ల డాలర్ల సుకూక్ చెల్లించవలసి ఉండెను. సరిగ్గా అదే రోజున అబూదాబీ 1,000 కోట్ల డాలర్లు అందించింది. సుకూక్ కొన్నవారికి పూర్తి పైకం ముట్టింది. ఆస్తిలో వాటాదారులమని చెప్పుకొన్నవారు ఆస్తి విలువ పడిపోయినప్పుడు అప్పులవాళ్లయ్యారు. భాగస్వామ్య సుకూక్‌ను అసలు ధరకే తిరిగి కొంటామని ముందే వాగ్దానం చేయడాన్ని బహ్రెయిన్‌లోని అయోఫీ సంస్థ 2008 ఫిబ్రవరిలోనే ఆక్షేపించింది. నఖీల్ పత్రాలు భాగస్వామ్యానివి కావు, ఇజారా పద్ధతివి గనుక ఆ ఆక్షేపణ వాటిని నేరుగా తాకదనవచ్చు. సొమ్ము ఖజానా నుండి వచ్చిన సంగతి మాత్రం మారదు.

సోర్కిన్ వాషింగ్టన్, న్యూయార్క్ గదుల తలుపులు తెరిచాడు. దుబాయ్, అబూదాబీ గదులను గురించి ఇటువంటి గ్రంథమొకటి ముస్లిం విలేఖరి ఎవరైనా రాయవలసి ఉన్నది.