సీసా మీది జిగురుకు నూనె

గాజు సీసా మీద లేబుల్ జిగురు మిగిలిపోతే ఎర్రగుంట్లలో ఎక్కువ రోజులు తెల్లగా ఉండదు. చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు, నాపరాయి గనులు, ఆగని లారీలు. గాలిలో తేలే దుమ్మంతా ఆ జిగట మీద వాలి అట్టకడుతుంది. ఖాళీ అయిన తేనె సీసాలోనో జామ్ సీసాలోనో ఊరగాయ పెట్టుకునే ఇంట్లో ఇది తేలిగ్గా తీసుకునే సంగతి కాదు. సీసా పట్టుకున్న చేత్తోనే మూత తీస్తాం, గరిటె ముంచుతాం. అందుకే చాలామంది ఓపిక పట్టలేక కత్తితోనో స్టీలు పీచుతోనో గీకేస్తారు. ఆ గీకుడు మానేసి, ముందు నూనెతో జిగురును మెత్తబరిచి, తర్వాతే చాకలి సోడా నీళ్లతో కడగాలని నేను గట్టిగా చెబుతాను.

పిండి జిగురుతో అంటించిన పాత లేబుళ్లు నీళ్లలో నానితే వాటంతటవే ఊడొచ్చేవి. 1935లో అమెరికాలో స్టాన్ ఏవరీ, తడి చేయకుండానే అంటుకునే లేబుళ్ల తయారీ మొదలుపెట్టాడు. ఇప్పుడు చాలా సీసాల మీద కనిపించేవి ఆ రకమే. వాటి జిగురు రబ్బరు జాతిదో అక్రిలిక్ జాతిదో అయి ఉంటుంది. నీళ్లలో వేస్తే కాగితం నానిపోతుంది, జిగురు మాత్రం గాజును వదలదు. నూనె అలా పైనే ఆగిపోదు, జిగురులోకి ఇంకి దాని పట్టు సడలిస్తుంది. రబ్బరు జిగురు త్వరగా లొంగుతుంది, అక్రిలిక్‌కు కాస్త ఎక్కువసేపు పడుతుంది. వేడి తగిలినా ఈ జిగుర్లు మెత్తబడతాయి. మన ఎండ ఇక్కడ పనికొస్తుంది. మిట్టమధ్యాహ్నం కడప బండ మీద సీసాను కాసేపు ఉంచి, ఓ అంచు నుంచి మెల్లగా లాగితే చాలా లేబుళ్లు చిరగకుండా వస్తాయి. మిగిలిన జిడ్డుకు చెనిక్కాయ నూనె రాసి, గంటసేపు వదిలేసి, పాత గుడ్డతో తుడిస్తే చాలు. ఎండలో కాలిన సీసా మీద వెంటనే చన్నీళ్లు పోయకూడదు, పగలొచ్చు.

అంత తిప్పలెందుకు, సబ్బుతో రుద్దితే పోదా అంటారు. సున్నపురాయి నేలలో బోరు వేస్తే వచ్చేవి పప్పు ఉడకని నీళ్లు. వాటిలోని కాల్షియం సబ్బుతో కలిసి తెల్లటి తెట్టు కడుతుంది, అది జిగురుకు తోడవుతుంది. గోరువెచ్చటి నీళ్లలో చెంచాడు చాకలి సోడా కలిపితే కాల్షియం విరిగి అడుక్కు దిగుతుంది, నూనె జిడ్డూ వదులుతుంది. కుంకుడుకాయ రసం ఉన్నా మంచిదే, దాని నురగను ఈ నీళ్లు చంపవు.

గీకితే పని తొందరగా అవుతుందన్నది నిజమే. అయితే గాజు బలం దాని పైపొరలోని గీతల మీద ఆధారపడుతుందని 1921లో అచ్చైన పరిశోధనలో గ్రిఫిత్ అనే ఇంజనీరు చూపించాడు. కంటికి ఆనని గీత దగ్గరే పగులు మొదలవుతుంది. ఇసుక కలిసిన బూడిదతో తోమినా అదే ముప్పు. పెట్రోలు, కిరసనాయిలు జిగురును కరిగిస్తాయి, కాదనను. కానీ పొయ్యి వెలిగే ఇంట్లో వాటిని తెరవడం ప్రమాదం, తినే వస్తువు పెట్టే సీసాకు ఆ వాసన అంటడం అంతకంటే అనవసరం. నూనె వృథా అనుకుంటే అప్పడాలు వేయించగా మిగిలిన నూనె చాలు. పురుగుమందు సీసాలను మాత్రం ఎంత కడిగినా వంటింట్లోకి రానివ్వకూడదు.

కొత్త సీసా కొనుక్కుంటే పోయేదానికి ఇంత శ్రమా అన్నది గట్టి ప్రశ్నే. ఇసుక, సోడా, సున్నపురాయి కలిపి సుమారు 1500 డిగ్రీల వేడిలో కరిగిస్తే గాని గాజు తయారు కాదు. అంత ఇంధనం మింగిన వస్తువును చెంచాడు నూనె కోసం పారేయడం నాకు సమ్మతం కాదు. అసలు ఈ శ్రమ ఇంటివాళ్ల నెత్తిన పడాల్సింది కూడా కాదు. తిరిగొచ్చే బీరు సీసాలకు వేడి కాస్టిక్ నీళ్లలో ఊడిపోయే జిగురును కంపెనీలు ఎప్పటినుంచో వాడుతున్నాయి. తేనె, జామ్, పచ్చడి అమ్మేవాళ్లు కూడా నీళ్లకు ఊడే జిగురుతోనే లేబుళ్లు అంటించాలి.