అడిగిన ప్రశ్నను వెనక్కి తీసుకోవడం

ఏజెంట్ ప్రోగ్రాం మనిషిని ఒక మాట అడిగి జవాబు కోసం ఆగుతుంది. ఈలోపు గడువు దాటుతుంది, లేదా మనిషే వద్దనుకుంటాడు. అప్పుడు పని ఆపితే చాలదు, అడిగిన ప్రశ్నను కూడా వెనక్కి తీసుకోవాలి. ప్రోగ్రాములు ఎక్కువగా తడబడేది ఇక్కడే.

పైథాన్‌లోకి అసింక్‌ఐవో లైబ్రరీ 2014లో, 3.4 వెర్షన్‌తో వచ్చింది. అందులో క్యాన్సిల్ ఒక విన్నపం మాత్రమే. టాస్క్ ఏ అవెయిట్ దగ్గర ఆగి ఉందో అక్కడ క్యాన్సిల్డ్ ఎర్రర్ పుడుతుంది; అన్నీ సర్దుకుని ముగియడం టాస్క్ బాధ్యత. 2019లో 3.8 వచ్చేదాకా ఈ ఎర్రర్ మామూలు ఎక్సెప్షన్లలో ఒకటిగా ఉండేది. అన్ని ఎర్రర్లనూ ఒకే వలలో పట్టే కోడ్ రద్దును కూడా మింగేసేది. 3.8లో ఆ ఎర్రర్‌ను నేరుగా బేస్ఎక్సెప్షన్ కిందికి మార్చడం మంచి నిర్ణయం.

కీబోర్డు దగ్గర చిక్కు ఇంకా గట్టిది. ఇన్‌పుట్ ఫంక్షన్ అసింక్‌ఐవో ఈవెంట్ లూప్‌నే ఆపేస్తుంది కాబట్టి దాన్ని వేరే థ్రెడ్‌లో పెడతారు. నడుస్తున్న థ్రెడ్‌ను బయటి నుంచి ఆపే దారి పైథాన్‌లో లేదు. టాస్క్ రద్దయినా థ్రెడ్ కాచుకునే ఉంటుంది. తర్వాతి ప్రశ్నకు టైప్ చేసిన లైనును అది లాగేసుకోవచ్చు.

చాట్‌లో అయితే ప్రమాదం మరోలా వస్తుంది. కాకినాడ నుంచి లింగంపల్లి వెళ్లే గౌతమి ఎక్స్‌ప్రెస్‌కు టికెట్లు తీసే ఏజెంట్ ఉందనుకుందాం. "స్లీపర్ లేదు, ఏసీలో తీయమంటారా?" అని అడిగింది. జవాబు రాలేదు, ప్రశ్న రద్దయింది. "పాత టికెట్ క్యాన్సిల్ చేయమంటారా?" అని మరొకటి పంపింది. అదే క్షణాన మొదటి ప్రశ్నకు "సరే" అని జవాబు వస్తే ఉన్న టికెట్ పోతుంది. అందుకే ప్రతి ప్రశ్నకూ ఒక గుర్తు సంఖ్య ఉండాలి. రద్దయిన సంఖ్యతో వచ్చిన జవాబును పక్కనపెట్టి, ఆ సంగతి మనిషికి చెప్పాలి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ సేవలే 2025 జనవరి 30న 'మన మిత్ర' పేరుతో వాట్సాప్‌లోకి వచ్చాయి. వాట్సాప్‌లో మనిషి జవాబు గంట తర్వాత రావడం మామూలే.

ఏజెంట్లను తయారుచేసే మైక్రోసాఫ్ట్ ఫ్రేమ్‌వర్క్ ఆటోజెన్ 0.4లో మనిషి జవాబు తెచ్చే ఫంక్షన్‌కు క్యాన్సిలేషన్ టోకెన్ అందించే ఏర్పాటు ఉంది. టోకెన్ కబురు చేరవేస్తుంది, అంతే. దాన్ని గమనించి బటన్లు తీసేయడం, క్యూ ఖాళీ చేయడం ఫంక్షన్ రాసేవారి పని.

డబ్బు కట్టే మెట్టు దాటాక రద్దు కోరితే టాస్క్‌ను మధ్యలో తెంచకూడదు. చెల్లింపును అసింక్‌ఐవో షీల్డ్‌తో కాపాడి, ఫలితం తెలిశాకే రీఫండ్‌ను వేరే పనిగా మొదలుపెట్టాలి.