సంస్కృత నాటకము - విషాదాంత చర్చ

సంస్కృత నాటకమును గూర్చి పాశ్చాత్య పండితులు చేసిన ఆక్షేపములలో రెండు ముఖ్యములు. అది యవనుల నుండి అరువు దెచ్చుకొన్నదనుట మొదటిది. విషాదాంతము లేనిది గావున జీవితమును సమగ్రముగ దర్శింపలేదనుట రెండవది. మొదటిదానిని నేడు గట్టిగ వాదించువారు అరుదు. రెండవది మాత్రము మన తరగతి గదులలో నింకను వినబడుచునే యున్నది. దాని బలాబలములను పరిశీలించుటయే ఈ వ్యాసోద్దేశము.

మొదటి ఆక్షేపము తొలగిన తీరు గమనింపదగినది. జర్మను పండితుడు విండిష్ 1882లో ప్రకటించిన గ్రంథమున మన నాటకముపై గ్రీకు ప్రభావమును ప్రతిపాదించెను. 'యవనిక' అను పదమును ఈ పక్షమువారు సాక్ష్యముగ జూపిరి. ఆ పదము యవనశబ్ద భవమే యనుకొన్నను, అది బట్ట వచ్చిన చోటును జెప్పునే గాని నాటకము పుట్టిన చోటును జెప్పదు. పైగా అమరకోశమున 'జవనిక' యను రూపము గలదు. ఈ వాదమును 1890లో ఖండించినవాడును పాశ్చాత్యుడే. అతడు ఫ్రెంచి పండితుడు సిల్వే లెవీ. అంతకు పూర్వమే, 1827 నాటికి సంస్కృత నాటకములను ఆంగ్లమున వెలువరించిన విల్సన్ పండితుడు వానిని స్వతంత్ర సృష్టిగనే తలచెను. కావున పాశ్చాత్యులందరిని ఒకే గాట గట్టుట సత్యమునకు దూరము. దురభిప్రాయమును తొలగించినది ప్రత్యారోపణము గాదు, ప్రమాణ పరిశీలనము.

ఇక రెండవ ఆక్షేపము. దీని మూలము అరిస్టాటిల్ కావ్యశాస్త్రమున గలదందురు. కాని ఆ గ్రంథమును జాగ్రత్తగ జదివినచో ఆశ్చర్యకరమైన విషయమొకటి గోచరించును. ఆతడు పదుమూడవ ప్రకరణమున దుఃఖాంతమును మెచ్చుకొనెను. పదునాల్గవ ప్రకరణమున, సోదరుని బలి యిచ్చుటకు ముందే అతనిని గుర్తించి ఆ ఘోరమును తప్పించు ఇఫిజీనియా కథవంటి దానిని ఉత్తమమని చెప్పెను. ఈస్కిలసు, సోఫోక్లీసు రచించిన 'ట్రాజెడీ'లలోను శాంతిగ ముగియునవి కలవు. కరుణ భయములను రేకెత్తించు గంభీర కార్యము వారికి ప్రధానము. మనము 'విషాదాంతము' అని అనువదించుకొనుటచే ముగింపే లక్షణమైనది. అనగా యూరపు తరువాతి కాలపు కొలబద్దను మనము మరింత కురుచ చేసికొని, దానితో మన నాటకములను గొలుచుచున్నాము.

మన లాక్షణికులు కరుణమును నిరాకరించినారా? దశరూపకములలో నొకటియైన ఉత్సృష్టికాంకమునకు కరుణమే ప్రధాన రసము. రంగముపై మరణమును బ్రత్యక్షముగ జూపరాదని నాట్యశాస్త్రము విధించిన మాట నిజమే. కాని ప్రయోగము విధిని దాటిన తావులును గలవు. 1912లో తిరువనంతపురము నుండి గణపతిశాస్త్రిగారు భాస నాటకములను బ్రకటింప నారంభించిరి. ఆ పదుమూడింటి కర్తృత్వమును గూర్చి వివాదమున్నను, వానిలోని 'ఊరుభంగము' మన చర్చకు అమూల్యమైన ఆధారము.

భారతమున దొడలు విరిగి పడియున్న దుర్యోధనుడు పగ విడువడు. అశ్వత్థామను సేనాపతిగ నభిషేకింపజేయును. ఊరుభంగకర్త యీ ఘట్టమును మార్చెను. ఇందు దుర్యోధనుడు బలరాముని క్రోధమును శమింపజేయును. అశ్వత్థామను పగ మానుమనును. అంధుడైన తండ్రి, గాంధారి, భార్యలు తన్ను వెదకికొనుచు వత్తురు. బాలుడు దుర్జయుడు అలవాటుగ తండ్రి తొడపై గూర్చుండ బోవును. ఆ తొడలే విరిగినవి! తండ్రి ఆ చోటు కూడదని వారించును. తనవలెనే పాండవులను సేవింపుమని, ద్రౌపదిని తల్లివలె బూజింపుమని బోధించును. పిమ్మట స్వర్గమునుండి వచ్చిన విమానమును జూచుచు రంగముపైననే మరణించును. రాత్రి సంహారమునకు అశ్వత్థామ బయలుదేరును.

దీనిని జూపి 'మనకును ట్రాజెడీ కలదు' అని సంతోషించువారు కలరు. దుష్టునకు దగిన దండనయే గాన ట్రాజెడీ కాదనువారును గలరు. ఇరువురును ఒకే ప్రశ్నకు లోబడినవారే. కవి దృష్టి దండనపై లేదు, వినాశముపైనను లేదు. అభిమానధనుడు మరణ సమయమున పొందిన చిత్తపరిపాకముపై నున్నది. శోకమును నశింపజేయక, దానిని ప్రశాంతిలో నిలుపుట యిందలి శిల్పము.

భవభూతి 'ఉత్తరరామచరితము' ఈ యంశమునే మరియొక రీతి నిరూపించును. సీతను భూమిలోనికి బంపక రామునితో గలుపుట కష్టమును దప్పించుకొనుట యని కొందరి యాక్షేపము. కాని పండ్రెండేండ్ల వియోగము ఆ కలయికచే చెరగిపోవునా? సప్తమాంకమున రాముడు వాల్మీకి రచించిన నాటకమునకు బ్రేక్షకుడై, తాను సీతకు గల్గించిన దుఃఖమును దానే చూచి మూర్ఛిల్లును. అపరాధి తన యపరాధమును సభలో గాంచుటకంటె గంభీరమైన కరుణ ఘట్టము అరుదు. ముగింపును మాత్రమే చూచువారికి ఈ యంకము కనబడదు.

తెలుగున ధర్మవరము రామకృష్ణమాచార్యులవారి 'విషాద సారంగధర' మొదటి విషాదాంత నాటకముగ బేర్కొనబడుచున్నది. ఆ ప్రయోగము మన రంగస్థలమునకు లాభమే. పాశ్చాత్య రూపమును స్వీకరించుట దోషము గాదు. ఆ రూపము లేనిచో కవికి జీవిత దర్శనమే లేదనుట దోషము.

కావున పరిశోధక విద్యార్థులకు మా విన్నపము. సంస్కృత నాటకమున విషాదాంతము కలదా లేదా యను శీర్షికతో సిద్ధాంతవ్యాసము నారంభింపకుడు. శోకము ఏ పాత్రయందు, ఏ సంధియందు, ఏ యభినయముచే బోషింపబడినదో మొదట మూలమునుండి చూపుడు. గ్రీకు నాటకమును గూడ మూలార్థము దెలిసికొని చదువుడు. అట్లు చదివినవాడు ఇతరుల దురభిప్రాయమునకు సమాధానము చెప్పుటకు ముందే, తన మనసులో నాటుకొన్న దురభిప్రాయమును గుర్తింపగలడు.