ముసుగు అంగీ వెనక పనితనం

1977 నాటి 'స్టార్ వార్స్' సినిమాలో నటుడు అలెక్ గిన్నెస్ తొడుక్కున్న గోధుమరంగు అంగీ చూడ్డానికి చాలా సాదాగా ఉంటుంది. జపాన్ కిమోనో కోత, యూరప్ క్రైస్తవ సన్యాసుల ముసుగు రెండూ కనిపిస్తాయందులో. ఆ చిత్రంలో దుస్తుల రూపకల్పనకు జాన్ మొల్లో ఆస్కార్ అందుకున్నారు. ఆ అంగీని ఇంట్లో కుట్టుకునే అభిమానులంటే నాకెంతో గౌరవం. సినిమాను ఆపి ఆపి చూస్తారు: భుజం కుట్టు ఎక్కడ పడింది, చెయ్యెత్తితే గుడ్డ ఎంత జారింది? ఖరీదైన ఉన్నిగుడ్డకు కత్తెర పెట్టేముందు చవక కోరాగుడ్డతో ఒకటి కుట్టి, తొడిగి చూసి, గుండుసూదులతో సరిచేస్తారు.

అసలు పరీక్ష ముసుగు దగ్గరే. లోతు తగ్గితే చలికోటు టోపీలా తలకు అతుక్కుంటుంది. ఎక్కువైతే కళ్ల మీదికి దిగుతుంది. వెనక్కి తోసినప్పుడేమో మెడ చుట్టూ బరువుగా, మడతలు మడతలుగా కూర్చోవాలి. అందుకోసం మెడ కుట్టు విప్పి, రవ్వంత గుడ్డ పెంచి, మళ్లీ టాకాలు వేస్తారు. ఎంత ఓపిక! కింది అంచు మడిచేముందు అంగీని ఒకటి రెండు రోజులు హ్యాంగరుకు వేలాడదీస్తారు. ఐమూలగా కత్తిరించిన చోట గుడ్డ తన బరువుకే సాగుతుంది మరి.